నలభైలో ఆరు

ఏప్రిల్ 2

మొన్న రెండు వందల డబ్బాలు పంచాను. ఇవాళ్టికి తిరిగి వచ్చినవి నూట నలభై ఒకటి. వాటిలో మూడు ఖాళీవి. ఒకదాన్నిండా గుండీలు.

గుండీల డబ్బా కుట్టుమిషన్ పిన్నిగారిది. అడిగితే కుడుతున్న జాకెట్టు మీంచి తలెత్తకుండానే, "డబ్బా బాగుందే పిల్లా, మూత బిగువుగా పడుతోంది. ఇంకోటి ఇవ్వు, అందులో నీక్కావలసింది పెట్టిస్తా" అంది. ఇచ్చాను. ఇవ్వక ఏం చేస్తాను?

చిరాకు అని రాయబోయి ఆగాను. చిరాకు చిన్న మాట, దోమ కుట్టినప్పటి మాట. విసుగు కొంచెం పెద్దది. ఇవాళ్టిది రెండూ కాదు. తల ప్రాణం తోకకు రావడం. తోక లేనివాళ్ళకు ఆ ప్రాణం ఎక్కడికి వస్తుందో ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం మడమల్లోకి వచ్చింది.

ఏప్రిల్ 4

థీసిస్ పరిచయం పేరాను మా గైడు మేడమ్ మూడోసారి తిప్పి పంపారు. "మాటలు బాగున్నాయి, విషయం ఎక్కడ?" అని అంచున ఎర్ర సిరాతో రాశారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు అర్థమయ్యేలా రాయమన్నారు.

మా ఇంట్లో పెద్దవాళ్ళంటే బామ్మ. "నీ మనవరాలు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావే? ఊళ్ళోవాళ్ళు పొద్దున్నే వెళ్ళిందంతా డబ్బాల్లో పోగేస్తోందని చెప్పనా?"

"ప్రజారోగ్య పరిశోధన అని చెప్పు బామ్మా."

"అంత మాట నా కట్టుడు పళ్ళకు పట్టదు."

సరే, ఇక్కడ రాసి చూసుకుంటాను. వార్డులో నాలుగు వందల ఇళ్ళు. చీటీలు తీసి నలభై ఇళ్ళు ఎంచాం. ఇంటికి ఐదుగురు చొప్పున రెండు వందల మంది. కడుపులో కొంకి పురుగు ఉన్నవాళ్ళు నూటికి ఐదుగురి కంటే తక్కువని తేలితే, బళ్ళో పిల్లలకు ఏడాదికి రెండుసార్లు ఇచ్చే మాత్రలు ఆపేసి వేరే వార్డుకు మళ్ళిస్తారు. ఐదుకు తగ్గకపోతే మాత్రలు కొనసాగుతాయి. రెండు వందల డబ్బాలను విడివిడిగా చూసేటంత తీరిక మా ల్యాబుకు లేదు. అందుకని ఐదేసి డబ్బాల నుంచి చిటికెడు చిటికెడు తీసి కలిపి, ఒకే స్లైడు మీద పూసి చూస్తాం. ఐదుగురిలో ఒక్కరికి ఉన్నా ఆ స్లైడులో గుడ్లు కనబడతాయి. నలభై స్లైడులు. మిగతాది లెక్క చెబుతుంది.

చదివి వినిపించాను. "ఇంతోటిదానికి మొదట రాసిన ఆ రెండు పేజీలెందుకే?" అంది బామ్మ. మేడమ్, బామ్మ మాట్లాడుకున్నారేమో.

ఏప్రిల్ 6

డబ్బాలన్నీ వచ్చేశాయి! రెండు వందలు! కిటికీ పక్క బల్ల సరిపోక మెట్ల మీద కూడా పెట్టాం. ఫ్యాను వేస్తే కంపు మేడమ్ గదిలోకి పోతోంది, ఆపితే మాకే. ఆపే ఉంచాం.

సూక్ష్మం గారు పొద్దున్నే బిస్కెట్ల డబ్బాలో రెండు వందల అంకెల చీటీలు పోసి కూర్చున్నారు. ఆయన ల్యాబు టెక్నీషియను. ఇరవై ఏళ్ళుగా మైక్రోస్కోపు మీద ఒంగి ఒంగి, మనిషిని చూసినా ఒక కన్ను మూసే చూస్తారు. ఆ పేరు విద్యార్థులు పెట్టింది. ఆయనకు తెలుసు, పట్టించుకోరు. ఒక చీటీ తీయడం, ఆ నంబరు డబ్బా వెతకడం, పక్కన పెట్టడం, ఇంకో చీటీ. ఐదు డబ్బాల జట్టు ఒక్కటి తయారవడానికి పది నిమిషాలు.

"మాస్టారూ, ఇలాగైతే రోజంతా పడుతుంది. ఇళ్ళ వరుసలోనే పెట్టేయండి. ఒకటో ఇల్లు ఒకటో జట్టు, రెండో ఇల్లు రెండో జట్టు. రిజిస్టరులో వెతుక్కోవడం నాకూ సులువు."

"కలగలపాలని రాసి ఉందమ్మాయ్."

"పురుక్కి డబ్బాల వరుస తెలుస్తుందా ఏమిటి మాస్టారూ? ఎవరి కడుపులో ఉండాలో అది ఎప్పుడో చూసుకుంది."

ఆయన ఒక కన్ను మూసి నన్ను కాసేపు చూశారు. "నీ ఇష్టం. లెక్కలు నీవి, కంపు నాది" అన్నారు.

మధ్యాహ్నానికి జట్లన్నీ తయారు. స్లైడులు పూయగానే నియమం ప్రకారం డబ్బాలన్నీ పారేశాం. రిజిస్టరు చూస్తుంటే ముచ్చటగా ఉంది. ఇంటి నంబరు, జట్టు నంబరు పక్కపక్కనే, ఒకే అంకె. వరుసలో ఒక అందం ఉంది.

ఏప్రిల్ 9

నలభైలో ఆరు!

నలభై స్లైడుల్లో ఆరింటిలోనే గుడ్లు. మిగిలిన ముప్ఫై నాలుగు శుభ్రం. నలభైలో ఆరు, ఏ ఆరైనా కావచ్చు. ఎన్ని విధాలుగా కావచ్చో సంయోగాల సూత్రంతో చేత్తోనే కట్టాను: ముప్ఫై ఎనిమిది లక్షల ముప్ఫై ఎనిమిది వేల మూడు వందల ఎనభై. ఇంతింత విధాల్లో జరగగలిగినది ఒక్క విధంగా జరిగి, నా రిజిస్టరులో వచ్చి కూర్చుంది.

తర్వాత ద్విపద. ఉండడం, లేకపోవడం, రెండే మాటలు. ఒక మనిషికి పురుగు లేకపోయే సంభావ్యతను ఐదుసార్లు గుణిస్తే ఐదుగురికీ లేకపోయే సంభావ్యత. నలభైలో ముప్ఫై నాలుగు శుభ్రం, అంటే 0.85. దాని ఐదో మూలం 0.968. అంటే పురుగు ఉన్నవాళ్ళు నూటికి మూడు పాయింట్ రెండు. ఐదు కంటే తక్కువ!

మేడమ్ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఎర్ర కలం తీయకుండానే మూసేశారు. "శభాష్" అన్నారు. రిపోర్టు ఇవాళే వార్డు కమిటీకి పంపేశారు. ఇరవై ఆరున సమావేశం. అది అయితే నా థీసిస్ అయినట్టే.

సంభావ్యత. నోట్లో ఎంత నెమ్మదిగా కరుగుతుందో ఈ మాట.

ఏప్రిల్ 10

మూడు పాయింట్ రెండు. అక్షరాల్లో రాసినా అందంగానే ఉంది.

ఏప్రిల్ 15

గుడ్లు కనబడిన ఆరు జట్లలోని ముప్ఫై మందికీ మాత్రలు ఇవ్వాలి. వాళ్ళలో ఎవరికి ఉందో స్లైడు చెప్పదు కాబట్టి అందరికీ ఇచ్చేస్తాం. మాత్ర మంచిదే, లేనివాళ్ళు వేసుకున్నా హాని లేదు. ఎదురుగా నిలబడి మింగించాలి.

ముప్ఫై మందంటే వార్డంతా తిరగాలని గొడుగు, రెండు సీసాల నీళ్ళు, పాత చెప్పులతో బయల్దేరాను. అమ్మ అన్నం కూడా కట్టి ఇచ్చింది. మొదటి తలుపు కొట్టాను, ఐదుగురూ అక్కడే. రెండో తలుపు కొట్టాను, ఐదుగురూ అక్కడే. అరగంటలో పది మంది అయిపోయారు. హమ్మయ్య అనుకున్నాను.

రెండో ఇంటి ముసలాయన మాత్ర చేతిలో పట్టుకుని, "అందరికీనా? ఎదురింట్లో ఎవరికీ లేదా?" అని అడిగారు.

"లేదు తాతగారూ."

"మా ఇంట్లోనే కాపురం పెట్టిందన్నమాట" అని నవ్వి మింగేశారు.

ఎండ ఎక్కువగా ఉంది. వచ్చేశాను.

ఏప్రిల్ 16

ఇంకో రెండు తలుపులు. ఇరవై మందికి ఇవ్వడం అయింది. మందు ఇవ్వడం తప్పెలా అవుతుంది? ఎవరైనా అడిగితే అదే అంటాను. ఎవరూ అడగలేదు.

మిగిలినవి రెండిళ్ళు. సైకిల్ మెకానిక్ ఇల్లు, కుట్టుమిషన్ పిన్నిగారి ఇల్లు. రేపు.

ఏప్రిల్ 17

వెళ్ళలేదు.

పొద్దున్నే కాగితం తీసుకుని కూర్చున్నాను. లెక్క చెయ్యకూడదనుకుంటూనే చేశాను. రెండు వందల డబ్బాలు సరిగా కలగలిపి ఐదు తీస్తే, ఆ ఐదూ ఒకే ఇంటివి కావాలంటే ఎంత అవకాశం? మొదటిది ఎవరిదైనా సరే. మిగిలిన నాలుగు, ఆ మనిషి ఇంట్లోవాళ్ళవే కావాలి. నూట తొంభై తొమ్మిది నుంచి నాలుగు ఎంచే విధాలు ఆరు కోట్ల ముప్ఫై మూడు లక్షల తొంభై ఒక్క వేల రెండు వందల యాభై ఒకటి. వాటిలో ఒకే ఒక్క విధం. నాకు నలభై జట్లూ, ఏ జట్టుకా జట్టు ఒకే ఇంటివి. అదృష్టం అనుకోవాలంటే ప్రపంచంలో ఉన్న అదృష్టమంతా మా ల్యాబుకే వచ్చి ఉండాలి.

నా ద్విపద లెక్క ఎప్పుడు చెల్లుతుంది? ఒకరికి ఉంటే పక్కవాడికి ఉండడానికీ దానికీ సంబంధం లేనప్పుడు. ఒకే ఇల్లు, ఒకే పెరడు, ఒకే కుళాయి, ఒకే మట్టి మీద ఐదుగురి కాళ్ళు. ఆ పురుగు ఒంట్లోకి ఎక్కేదే అరికాళ్ళలోంచి. సంబంధం లేకపోవడమేమిటి నా బొంద! పురుగున్న ఇళ్ళు ఆరని తేలింది, అంతే. ఆ ఇళ్ళల్లో ఉన్నది ఒక్కొక్కరికో, ఐదుగురికీనో. అంటే మొత్తం మీద ఆరుగురు కావచ్చు, ముప్ఫై మంది కావచ్చు. నూటికి మూడు కావచ్చు, పదిహేను కావచ్చు. ఐదు దాటిందో లేదో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని పట్టుకుని ఇరవై ఆరున మాత్రలు ఆపేస్తారు.

విడివిడిగా చూద్దామంటే డబ్బాలు పారేశాం. మళ్ళీ అడుగుదామంటే నాలుగిళ్ళవాళ్ళకు మాత్రలు మింగించేశాను. ఇప్పుడు చూస్తే ఏముంటుంది? ఎదురుగా నిలబడి, మంచినీళ్ళిచ్చి మరీ, నా జవాబును నేనే మింగించాను.

సూక్ష్మం గారు వరుసలో పెట్టారు. అదీ కారణం. కలగలపాలని రాసి ఉన్నా వరుసలో పెట్టారు.

ఏప్రిల్ 18

మేడమ్‌కు చెప్పాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. కూర్చోమనలేదు.

"రిపోర్టు వెళ్ళి తొమ్మిది రోజులైంది" అన్నారు.

"అవును మేడమ్."

"నలభై జట్లూ నలభై ఇళ్ళా? ఒక్కటైనా కలవలేదా?"

"లేదు మేడమ్."

"ఎవరు పెట్టారలా వరుసలో?"

"ల్యాబులో అలా పెట్టారు మేడమ్."

అబద్ధం కాదు. ల్యాబులోనే పెట్టారు.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "రెండిళ్ళు మిగిలాయన్నావుగా. ఆ పది డబ్బాలు మళ్ళీ తెచ్చి విడివిడిగా చూపించు. మాత్రలు ఒక్క రోజు కూడా అనవసరంగా ఆపొద్దు, డబ్బా చేతికి రాగానే ఇచ్చెయ్. ఇరవై నాలుగు లోపు నాకు అంకె కావాలి."

బయటికి వచ్చి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. రెండు వందల మందిలో నూటికి ఐదంటే పది మంది. ఆరిళ్ళలో ఇంటికి కనీసం ఒకరు, కాబట్టి ఆరుగురు ఖాయం. ఇంకో నలుగురు కావాలి. వాళ్ళు ఈ రెండిళ్ళలోనే దొరకాలి.

దొరకాలి అని రాశాను. జబ్బున్న మనుషులు దొరకాలట! ఇలాంటి కోరిక కోరే పరిశోధనను ఏ మాటతో తిట్టాలో ఇంకా నేర్చుకోలేదు.

ఏప్రిల్ 19

సూక్ష్మం గారికి సంజాయిషీ నోటీసు వచ్చింది. నియమం ఎందుకు పాటించలేదో ఐదు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలట.

మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి నోటీసు, ఒక తెల్ల కాగితం పక్కపక్కన పెట్టారు. "నాకు రాత రాదమ్మాయ్. ఇన్నేళ్ళలో నేను రాసిందల్లా 'ఉంది', 'లేదు'. నీకు మాటలు బాగా వచ్చుగా. ఇది రాసిపెట్టు."

"ఏమని రాయను మాస్టారూ?"

"'చెప్పారు, చేశాను' అని రాయి."

"ఎవరు చెప్పారని..."

"అది నీ ఇష్టం" అని మైక్రోస్కోపు దగ్గరికి వెళ్ళిపోయారు. కోపంగా కాదు. కోపంగా వెళ్ళి ఉంటే బాగుండేది.

నాలుగుసార్లు మొదలుపెట్టాను. 'పని ఒత్తిడి వల్ల', 'సమయాభావం చేత', 'అనుకోని పరిస్థితుల్లో', 'సదుద్దేశంతోనే'. ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయి. ఒక్క దానిలోనూ మనిషి లేడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. రేపు ఇస్తానన్నాను.

ఇంటికి వచ్చి ఏప్రిల్ 6 పేజీ చదివాను. నా చేతిరాతే. 'వరుసలో ఒక అందం ఉంది' అట.

పదిహేడున రాసిన ఆఖరి మూడు వాక్యాలు కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు. ఉండనీ, సిగ్గు పడడానికి పనికొస్తాయి.

ఏప్రిల్ 20

సైకిల్ మెకానిక్ ఇంటి డబ్బాలు ఐదూ వచ్చాయి. మళ్ళీ ఎందుకని ఆయన అడిగితే, "ల్యాబులో చిన్న పొరపాటు" అన్నాను. ఆయన మంచివాడు, పంచరు వేసినంత సులువుగా నమ్మేశాడు. డబ్బాలు తీసుకుని మాత్రలు ఇచ్చేశాను.

సూక్ష్మం గారు విడివిడిగా చూశారు. "ఉంది. ఉంది. లేదు. ఉంది. ఉంది." నోటీసు గురించి అడగలేదు.

నలుగురు. ఆరు ఖాయమనుకున్నది ఇప్పుడు తొమ్మిది. ఇంకొక్కరు. కుట్టుమిషన్ పిన్నిగారింట్లో ఒకరికి ఉందని ఎలాగూ తెలుసు. రెండోవారికి ఉందో లేదో, అంతే నాకు కావలసింది.

ఏప్రిల్ 21

పిన్నిగారు తలుపు సగమే తీసింది. నోట్లో సూది.

"మళ్ళీనా? మొన్న ఇచ్చాం. ఏదో ఉందన్నారు. మాత్రలు తెస్తామన్నారు. మాత్రల్లేవు, మళ్ళీ డబ్బా! మా ఇల్లేమైనా నీ పరీక్ష హాలనుకున్నావా?"

"ల్యాబులో చిన్న పొరపాటు పిన్నిగారూ..."

"పొరపాటు మీది, డబ్బా మోసేది మేమా? మా అత్తగారు ఎంత సిగ్గుపడిందో తెలుసా నీకు? డెబ్భై ఏళ్ళ మనిషి! పో."

"పోనీ మాత్రలైనా తీసుకోండి."

"ఏదుందో తెలీని మాత్ర నా పిల్లలకు వెయ్యను. పొరపాటు చేసినవాళ్ళు మాత్రలో మాత్రం చెయ్యరని ఏమిటి?"

మాత్రలు సంచిలో వేసుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 22

మళ్ళీ వెళ్ళాను. తలుపు తీయలేదు. లోపల మిషను ఆగకుండా నడుస్తోంది, నన్నే కుడుతున్నట్టు.

గుమ్మంలో చిన్న కూతురు కూర్చుని ఉంది. ఎనిమిదేళ్ళుంటాయేమో. కనురెప్ప లోపల ఎరుపు లేదు, పురుగు నెత్తురు తాగేస్తే అలాగే ఉంటుంది. బడి లేదా అని అడిగితే, "నిద్రొచ్చింది, టీచరు ఇంటికి పొమ్మంది" అంది. రోజూ వస్తుందా అన్నాను. రోజూనట.

మూడు పాయింట్ రెండు. దాన్ని నోట్లో వేసుకుని చప్పరించాను నేను.

ఏప్రిల్ 23

"నేనూ వస్తా పద" అన్నారు సూక్ష్మం గారు. ఆయన ల్యాబు దాటి ఎవరింటికైనా వెళ్ళడం నేను చూడలేదు. ఎండలోకి రాగానే రెండు కళ్ళూ మూసుకున్నారు. చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వచ్చింది.

పిన్నిగారు ఆయన్ని చూసి పూర్తిగా తలుపు తీసింది. "ఈయనెవరు?"

"ల్యాబులో చూసేది ఈయనే పిన్నిగారూ."

"అయితే పొరపాటు చేసింది ఈయనేనన్నమాట!" నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఏవండీ, తెల్లజుట్టు వచ్చాక కూడా డబ్బాలు కలిపేసుకుంటారా?"

కలపకపోవడమే తప్పని ఆవిడకేం తెలుసు! ఆయన తెలియజేయనూ లేదు. ఒక కన్ను మూసి, రెండో కంటితో గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డారు. ఆవిడ ఇంకో నాలుగు అంది. వాటినీ నిలబడే తీసుకున్నారు.

నా దగ్గర మాటలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ రాలేదు.

"తప్పు నాది పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ నడుము మీంచి చెయ్యి తీసింది.

"డబ్బాలు కలగలిపి చూడాలి. ఈయన అలాగే చేయబోతే నేనే వద్దన్నాను. ఒక రోజు పని తప్పుతుందని. దానివల్ల వార్డులో జబ్బు తక్కువుందని తప్పుడు లెక్క కట్టాను. ఇరవై ఆరున బళ్ళో మాత్రలు ఆపేస్తారు. మీ ఇంట్లో ఎంతమందికి ఉందో తేలితే ఆగకపోవచ్చు."

ఆవిడ నా మొహం వంక, ఆయన మొహం వంక చూసింది. "అంటే ఈయన్ని నాచేత ఇంతసేపు తిట్టించావా?"

"అవును."

"నువ్వలా నిలబడి వింటూ ఉన్నావా?"

"అవును పిన్నిగారూ."

"నీకంటే ఆ పురుగే నయం. కడుపులో ఉన్నా కడుపులో ఏదీ దాచుకోదు" అంది. తర్వాత లోపలికి తిరిగి, "అత్తయ్యా! ఈ దిక్కుమాలిన పిల్ల మళ్ళీ వచ్చింది, రేప్పొద్దున మీరు ఇంకోసారి కష్టపడాలి!" అని కేకేసింది.

వస్తూ దారిలో, "మాస్టారూ, మీరెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నాకు రెండే మాటలు వచ్చని చెప్పానుగా" అన్నారు.

అటు నుంచి అటే మేడమ్ గదికి వెళ్ళాను. ఈసారి గుమ్మంలో ఆగలేదు. ఏప్రిల్ ఆరున ఏం జరిగిందో జరిగినట్టు చెప్పాను. నా పేరు, నేనన్న మాట. మేడమ్ నోటీసు ఆఫీసు కాపీ తీయించి అడ్డంగా గీత కొట్టారు. నా థీసిస్ వచ్చే బ్యాచికి పోయింది. "లెక్క తప్పినందుకు కాదు. 'ల్యాబులో' అన్నావు చూడు, దానికి" అన్నారు. మడిచి పెట్టుకున్న తెల్ల కాగితం మాస్టారికి తిరిగి ఇచ్చేశాను. దాని వెనక ఆయన టీల లెక్క రాసుకుంటారట.

ఏప్రిల్ 24

పొద్దున్నే ఐదు డబ్బాలూ చేతికి ఇచ్చింది. గుండీలు లేవని చూపించి మరీ ఇచ్చింది. మాత్రలు మాత్రం తీసుకోలేదు. "ముందు తేల్చుకుని రా. ఎల్లుండి మీ సమావేశం అయ్యాక, ఎవరికుందో పేర్లు చెబితేనే మింగుతాం" అంది. ఎంత చెప్పినా వినలేదు.

అత్తగారు: ఉంది. భర్త: ఉంది. పెద్దమ్మాయి: ఉంది. చిన్నమ్మాయి: ఉంది. మైక్రోస్కోపులో నన్నూ చూడనిచ్చారు. చిన్నమ్మాయి స్లైడులో లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దాటాక ఆపేశాను.

పిన్నిగారు: లేదు. మాస్టారు రెండోసారీ చూశారు. లేదు.

నాలుగు, నాలుగు, ముందు మింగించేసిన నాలుగిళ్ళకు కనీసం నాలుగు. పన్నెండు. నూటికి కనీసం ఆరు.

అమ్మకు థీసిస్ సంగతి చెప్పాను. "ఇంకో ఆరు నెలలా!" అని నెత్తి కొట్టుకుంది. "పోనీలే, డబ్బాలు ఇంటికి తేకుండా ఉంటే అదే పదివేలు" అంది బామ్మ.

ఏప్రిల్ 26

కమిటీ గదిలో పన్నెండు కుర్చీలు, ఒక్క కిటికీ. మేడమ్ పాత రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నామని చెప్పి, కొత్తది చదివారు. "కనీసం ఆరు శాతం."

చివర కూర్చున్న ఆయన, "కనీసం అంటే ఏమిటండీ? ఇంత చదువుకున్నారు, సరిగ్గా ఎంతో చెప్పలేరా?" అన్నారు.

మేడమ్ నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను. "చెప్పలేమండీ. నాలుగిళ్ళవాళ్ళకు నేను ముందే మాత్రలిచ్చేశాను. అక్కడ ఎంతమందికి ఉండేదో ఇక ఎప్పటికీ తెలియదు. ఇంతకంటే తక్కువ మాత్రం కాదు."

"ఇదేం లెక్కండీ బాబూ" అని ఆయన విసుక్కున్నారు. ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను. చేతులెత్తమన్నారు. ఏడు చేతులు. మాత్రలు ఆగవు.

అక్కణ్ణుంచి నేరుగా పిన్నిగారింటికి మాత్రలు తీసుకుని వెళ్ళాను. నలుగురి పేర్లు చెప్పాను. అత్తగారు, భర్త, పిల్లలిద్దరూ వరుసగా నిలబడి మింగారు. ఆవిడ చెయ్యి చాపి నిలబడింది.

"మీకు లేదు పిన్నిగారూ."

"లేదా?" మొహం చిన్నబుచ్చుకుంది. "ఇంటిల్లిపాదికీ ఉండి నాకెందుకు లేదు? సరిగ్గా చూశారా? లేక నాదీ వరుసలో పెట్టేశారా?"

"రెండుసార్లు చూశారు మాస్టారు." అప్పటికి ఆవిడ కాళ్ళ వంక చూశాను. "ఇంట్లో కూడా చెప్పులతోనే ఉంటారా మీరు?"

"ఈ పెడలు ఇనుము అరికాలికి కోసుకుంటుంది. పొద్దున తొడిగితే పడుకునేటప్పుడే తీసేది. వీళ్ళకేం, పెరట్లో కుళాయి దగ్గర పొద్దస్తమానం ఉత్త కాళ్ళతో..." అని ఆగిపోయింది.

నన్ను చూసింది. నేను తలూపాను.

"ఒసేయ్! ఇద్దరూ ఇటు రండి! చెప్పులేవి మీవి? మొన్న కొన్నవి ఎక్కడ తగలేశారు?"

"కుళాయి దగ్గరున్నాయమ్మా" అంది చిన్నది.

"ఈ క్షణం తొడుక్కుని నా కళ్ళ ముందుకు రండి!"

తెచ్చుకోవడానికి ఇద్దరూ ఉత్త కాళ్ళతో పెరట్లోకి పరుగెత్తారు.